ఎస్తెవెల్ పల్లెలో వంగవీరుని సమాధి



మన గ్రామముల పొలిమేరలయందును, చెఱువుగట్లమీదను, పాత దేవాలయముల ముంగిళ్లలోను కత్తియు డాలును బూని నిలిచిన మనుష్యుని రూపము చెక్కిన రాళ్లు తఱచుగా గానవచ్చును. వీనిని వీరగల్లు లందురు. పసులమందను దొంగలు తోలుకొనిపోవుచుండగా అడ్డుపడి చచ్చినవాడో, ఊరిని గాచుచు పడినవాడో, రాజు పక్షమున పోరి మడిసినవాడో, ఎవ్వడో యొక్కడు ఆ రాతిలో నున్నాడు. పేరు చెరిగిపోయినది, వంశము తెలియదు. అయినను పండుగనాడు ఊరి యిల్లాలు ఆ రాతికి పసుపు పూసి, కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టి పోవును. పలనాటి కారెంపూడిలో నేటికిని కార్తికమాసమున వీరుల యుత్సవము జరుగుచున్నది. చచ్చినవానికి రాయి నిలుపుట మనకు క్రొత్తగాదు.

నేడు నేను విన్నవింపబోవునది అట్టి రాతి కథయే. కాని యా రాయి మన పొలిమేరలో లేదు. ఫ్రాన్సు దేశపు ఉత్తరభాగమున, బొగ్గుగనుల సీమలో, లాన్స్ పట్టణమునకు ఈశాన్యముగా కొలది మైళ్ల దూరమున ఎస్తెవెల్ అను చిన్న పల్లె గలదు. ఆ పల్లెవారి శ్మశానమున, వారి తాత ముత్తాతల సమాధులున్న చోటనే, ఒక రాతిమీద ఫ్రెంచి మాటలతోబాటు వంగభాషలో వ్రాత గలదు. దాని భావమిది: ఇది మహావీరుని సమాధి, గౌరవింపుడు, తాకకుడు. ఆ రాతిక్రింద నున్నవాడు ఇంద్రలాల్ రాయ్ అను విమానవీరుడు. మరణించునాటికి వానికి పందొమ్మిదేండ్లు నిండి యింకను ఎనిమిది నెలలు కాలేదు.

కలకత్తా బిడ్డ ఆ పల్లెమట్టిలో నెట్లు చేరెను? ఆ కథ చెప్పి, దానితోబాటు నా చిన్ననాటి సంగతి యొకటి చెప్పి విరమింతును.

ఇంద్రలాల్ 1898వ సంవత్సరము డిసెంబరు 2వ తేదీన కలకత్తాలో జన్మించెను. తండ్రి ప్యారీలాల్ రాయ్ పేరుమోసిన బారిష్టరు. వారిది తూర్పు వంగభూమిలో, నేటి బంగ్లాదేశమున జేరిన బారిసాల్ సీమలోని లఖుటియా జమీందారీ కుటుంబము. తల్లి లలితా రాయ్. ఆమె బిడ్డల చదువు నిమిత్తమై వారిని వెంటబెట్టుకొని లండనునందు కాపురముండెను. ఊరకుండిన యిల్లాలు గాదామె. 1911వ సంవత్సరము జూను 17వ తేదీన ఆంగ్లస్త్రీలు తమకు ఓటు కావలెనని లండను వీధులలో గొప్ప ఊరేగింపు జరిపినప్పుడు, చీరలు ధరించి ఆ ఊరేగింపున నడచిన భారతస్త్రీల ముందువరుసలో నామె యుండెను. ఆనాటి ఛాయాపటములు నేటికిని నిలిచియున్నవి. ఇంద్రలాలునకు అప్పటికి పండ్రెండేండ్లు. ఇంటివారు వానిని ముద్దుగా ‘లాడీ’ యని పిలిచెడివారు.

బాలుడు లండనులోని సెయింట్ పాల్సు పాఠశాలయందు చదివెను. 1914లో యుద్ధము వచ్చెను. అన్న పరేశలాల్ సైన్యమున జేరెను. (ఇతడే తరువాత మన దేశమున ముష్టియుద్ధక్రీడకు ఆద్యుడని పేరుగాంచినవాడు.) తమ్మునకు విమానములమీద మనసు పోయెను. ఆకాశయానము పుట్టి అప్పటికి పదునాలుగేండ్లు నిండలేదని జ్ఞప్తియుంచుకొనవలెను. వెదురుబద్దల గాలిపటమునకు యంత్రము గట్టినట్లుండిన ఆ వాహనము నెక్కి పోరాడుటకు కుఱ్ఱవాండ్రు బారులుతీరిరి. ఇంద్రలాలును పరీక్షకు బోయెను. వైద్యులు వాని కన్నులు చూచి, దృష్టి చాలదని త్రిప్పి పంపిరి.

నేను నలుబదియేండ్లకు దగ్గరగా బడిపంతులుగా నుంటిని. నల్లబల్లమీది యక్షరములు కానరాక, ఆ మాట చెప్పుటకు సిగ్గుపడి, ప్రక్కవాని పలకజూచి వ్రాసికొను పిల్లలను ఎందఱినో చూచితిని. కంటిచూపు చాలదనిన మాట బాలుని మనస్సునకు ఎంత గట్టిదెబ్బయో నాకు దెలియును. పెక్కుమంది ఆ దెబ్బతో కూర్చుండిపోవుదురు. ఈ పిల్లవాడు కూర్చుండలేదు. తన మోటారుసైకిలు నమ్మివేసెను. ఆ సొమ్ముతో పేరుబడ్డ నేత్రవైద్యుని యొద్దకు బోయి రెండవ పరీక్ష చేయించుకొనెను. ఆ వైద్యుడు దృష్టి బాగున్నదని పత్రమిచ్చెను; ముందటి తీర్పు కొట్టుపడెను. ఆ వయస్సు బాలునకు మోటారుసైకిలనగా నేమియో, దాని నమ్ముకొనుట యనగా నేమియో, మనుమలున్న మీకు నేను వేఱుగ చెప్పనక్కఱలేదు.

1917 ఏప్రిలున రాయల్ ఫ్లయింగ్ కోర్ అను విమానదళమున జేరి, జూలై 5వ తేదీన సెకండ్ లెఫ్టినెంటు పదవి నందెను. భారతీయులకు ఇట్టి పదవులు ఆనాడు సులభముగా దొరకునవి గావు. సిపాయిలుగా లక్షలమంది పోయిరి. వారి మీద అధికారము చేయువారు తెల్లవారే. విమానవాహకులుగా మాత్రము ఆ యుద్ధమున నలుగురు భారతీయులు పేరుపొందిరి. తలపాగమీద పట్టునట్టి పెద్ద శిరస్త్రాణము పెట్టుకొని పోరాడి, బ్రతికి వచ్చి, స్వతంత్రభారతమునకు ఫ్రాన్సులో రాయబారియైన హర్‌దిత్ సింగ్ మాలిక్ ఒకడు. శత్రువులకు చిక్కి చెఱనుండి వచ్చిన సేన్ మఱియొకడు. బొంబాయివాడు వేలింకర్ మూడవవాడు. అతడు 1918 జూను చివర గాయపడి శత్రువుల చేతిలోనే ప్రాణములు విడిచెను. అతని సమాధియు ఫ్రాన్సులోనే, హంగార్ అను పల్లెలో నున్నది. నాలుగవవాడు మన ఇంద్రలాల్.

1917 అక్టోబరు 30వ తేదీన అతడు 56వ దళమున జేరి యుద్ధరంగమునకు వచ్చెను. వారి విమానము ఎస్.ఇ.5 అనునది. అందు ఒక్కడే కూర్చుండును. నడపువాడును అతడే, తుపాకి కాల్చువాడును అతడే. యంత్రము ముందు నొక మరతుపాకి, పైఱెక్కమీద నొకటి. పైకప్పు లేదు. పడిపోవునప్పుడు దూకుటకు పారాచూట్ అను గొడుగును బ్రిటిషు ప్రభుత్వము తన విమానవీరుల కియ్యలేదు. ఎదుట పెట్రోలు తొట్టి, చుట్టును కొయ్యయు గుడ్డయు. నిప్పంటుకొన్నచో ఏమి గతియో ప్రతివానికి దెలియును, తెలిసియే యెక్కెడివారు.

ఐదు వారములు గడచెనో లేదో, డిసెంబరు 6వ తేదీన అతని విమానము కూలెను. ఇక్కడ నొక కథ చెప్పుదురు. అతడు మరణించెనని తలంచి శవముల గదిలో నుంచిరనియు, రాత్రి తెలివివచ్చి తలుపు బాదగా కావలివాడు హడలిపోయి తెల్లవారువఱకు తలుపు తీయలేదనియు ఆ కథ. వినుటకు బాగున్నది, పది నోళ్లబడి పెరిగిన కథవలెను ఉన్నది. నేను దానికి పూచీపడను. గాయపడిన మాట నిజము. నెలల తరబడి చికిత్స పొందిన మాట నిజము. ఆ దినములలో అతడు కాగితములమీద విమానముల బొమ్మలు చిత్రించుచు కాలము గడిపెను. వైద్యులు మఱల పనికిరాడనిరి. మఱల వారి నొప్పించి, 1918 జూనులో 40వ దళమున జేరి, బ్రుయే యను చోట నున్న విమానస్థావరమునకు వచ్చెను.

ఆ దళమున అతనికి నాయకుడు జార్జి మెకెల్‌రాయ్ అను ఐర్లండు దేశస్థుడు. ఈ మెకెల్‌రాయ్‌కి విద్య గఱపినవాడు ఎడ్వర్డు మానక్; అతడును ఐర్లండు రక్తమువాడే, ఆ దళమునుండియే పేరుకెక్కి మఱియొక దళమునకు అధిపతియై పోయినవాడు. ఐర్లండుకూడ ఆనాడు ఆంగ్లేయుల యేలుబడిలోనే యుండి, 1916లో తిరుగబడి, దెబ్బతిని, కనలుచున్న దేశమని మీరెఱుగుదురు. ఒక పరాధీనదేశమువాడు మఱియొక పరాధీనదేశపు బాలునకు ఇంగ్లండు పక్షమున యుద్ధము నేర్పుట! చరిత్రయందిట్టి చిత్రములు గలవు.

1918 జూలై 6వ తేదీన ఇంద్రలాల్ తొలి శత్రువిమానమును గూల్చెను. 8వ తేదీన నాలుగు గంటల వ్యవధిలో మూడు. 13వ తేదీన రెండు, 15న రెండు, 18న ఒకటి, 19న ఒకటి. మొత్తము పది. వీనిలో రెండు తోడివారితో గలసి సాధించినవి. ప్రభుత్వమువారి ప్రశంసాపత్రమున పదుమూడు దినములలో తొమ్మిది యని యుండుటచే కొందఱు సందేహపడుదురు. లెక్క సరిగానే యున్నది: 6వ తేదీ మొదలు 18వ తేదీవఱకు పదుమూడు దినములు, తొమ్మిది విమానములు, పదియవది మఱునాటిది. అయిదు విమానములు గూల్చినవానికి ఆ కాలమున గొప్ప పేరు. ఆ మొదటి మహాయుద్ధమున ఆ యంకెను దాటిన భారతీయు డితడొక్కడే.

ఇక్కడ ఒక మాట దాచరాదు. కూల్చుట యన్నప్పుడు ప్రతిసారియు ఎదుటివాడు మరణించెనని యర్థము గాదు. అదుపుదప్పి దిగిపోయిన విమానమును సైతము ఆ లెక్కలో వేసెడివారు. అయినను మరణించినవారు మరణించిరి. వారును ఇరువదేండ్ల వారే. వారికిని జర్మనీ దేశమున తల్లులుండిరి. పిల్లలకు ఈ కథ చెప్పినప్పుడెల్ల నేను పది యను సంఖ్యకడ చప్పట్లు కొట్టనిచ్చినవాడను గాను.

జూలై 22వ తేదీ, సోమవారము. కార్వాన్ పట్టణము మీద జర్మనుల ఫోకర్ విమానములతో పోరు జరిగెను. ఇంద్రలాల్ విమానమునకు నిప్పంటుకొనెను. అది మండుచు క్రిందికి బోవుట తోడివారు చూచిరి. పడినది శత్రువుల యధీనమున నున్న నేలమీద. ఎస్తెవెల్ ఆ చేరువనున్న పల్లెయే; అప్పటికి అదియు జర్మనుల చేతిలోనే యుండెను. కావున వానిని మొదట మట్టిలో నుంచినవి శత్రుహస్తములే యనుకొనవలసి యున్నది. పగవాని శవమును మర్యాదతో పూడ్చుట ఆ యిరుపక్షముల విమానవీరులలోను వాడుకగా నుండెను.

నాలుగు దినములకు, 26వ తేదీన, మానక్ మడిసెను. 31వ తేదీన మెకెల్‌రాయ్ మడిసెను. గురువు, గురువునకు గురువు, శిష్యుడు, ముగ్గురును పదిదినముల లోపల గతించిరి. మెకెల్‌రాయ్ సమాధి లావాంతి యను నూరి సైనికశ్మశానమున నున్నది. మానక్ దేహమెక్కడ నున్నదో నిర్ధారణ కాలేదు. అంతటివాని పేరు అరాస్ పట్టణమున, సమాధి తెలియని విమానవీరుల పట్టికలో నొకటిగా చెక్కబడియున్నది.

ఇట్టి మరణము వినినప్పుడు మనవారికి అభిమన్యుడు తలపునకు వచ్చును. ఆ బాలుడును కురుక్షేత్రమున పదుమూడవనాడే పడెను. పోలిక దగ్గరగానే యున్నది. కాని నేను దానిని పూర్తిగా నొప్పుకొనజాలను. అభిమన్యుడు తన తండ్రుల రాజ్యమునకై పోరెను. ఈతడు ఎవరి రాజ్యమునకై పోరెను?

ఈ ప్రశ్న నా విద్యార్థులు నన్నడిగినదే. ‘మాస్టారూ, మనలను పాలించినవారికోసం చచ్చినవాణ్ణి మనం ఎందుకు తలచుకోవాలి?’ అని పదవతరగతి పిల్లవాడొకడు లేచి యడిగెను. మంచి ప్రశ్న. దానికి నేను చరిత్రమునే జవాబుగా చెప్పితిని. 1918వ సంవత్సరమున జూను, జూలై నెలలలో, ఇంద్రలాల్ ఆకాశమున పోరుచున్న ఆ దినములలోనే, మహాత్మాగాంధి గుజరాతులోని ఖేడా జిల్లాలో ఊరూర తిరుగుచు, సైన్యమున జేరుడని రైతులను అడుగుచుండెను. అహింసావ్రతుడే అట్లడిగెను. సామ్రాజ్యము ఆపదలో నున్నప్పుడు తోడ్పడినచో సమానులుగా చూచుదురు, స్వరాజ్యమిత్తురు అను ఆశ ఆనాడు దేశమంతటను ఉండెను. 1917 ఆగస్టులో బాధ్యతగల ప్రభుత్వ మిత్తుమని పార్లమెంటున ప్రకటనయు జేసిరి. ఇచ్చినదేమి? 1919 మార్చిలో రౌలటు చట్టము. ఏప్రిలు 13న జలియన్‌వాలాబాగు. ఇంద్రలాల్ మరణించి అప్పటికి తొమ్మిది నెలలు.

అతడు ఆ నమ్మకము నిలువునా కూలుట చూడకుండగనే పోయెను. మనము చూచినవారమగుటచే వానిని వెఱ్ఱివాడనుట తగదు. నా యభిప్రాయమున అతనిని సామ్రాజ్యసేవకుడని విడిచిపెట్టుటయు తప్పే, స్వాతంత్ర్యవీరుల వరుసలో నిలిపి పూలమాల వేయుటయు తప్పే. కంటిచూపు చాలదనిరి, చాలునని చూపించెను. భారతీయుడు సిపాయిగా తప్ప పనికిరాడనుకొనిరి, కాదని చూపించెను. ఆ పనికి పందొమ్మిదేండ్ల ప్రాణము ధారపోసెను. ఇంతవఱకు నిజము. పిల్లవాడు తృప్తిపడెనో లేదో చెప్పలేను, కూర్చుండెను.

1918 సెప్టెంబరులో ప్రభుత్వము వానికి డిస్టింగ్విష్డ్ ఫ్లయింగ్ క్రాస్ అను పతకమును ప్రకటించెను. ఆ పతకము పొందిన భారతీయులలో నితడే మొదటివాడు. పతకము ఇంటికి వచ్చెను, దేహము రాలేదు.

ఏల రాలేదు? ఆ యుద్ధమున మరణించినవారి దేహములను స్వదేశమునకు దెచ్చుకొనరాదని బ్రిటిషు ప్రభుత్వము 1915లోనే నిషేధించెను. ధనవంతులు తెచ్చుకొందురు, పేదలు తెచ్చుకొనలేరు. కావున ఎవరును తేరాదని తీర్మానము. 1917 మే నెలలో సమాధులను కాపాడుటకై యొక సంఘము నేర్పఱచిరి. నేడు కామన్‌వెల్తు యుద్ధసమాధుల సంఘమని దానికి పేరు. సేనాధిపతి యైనను సిపాయియైనను రాయి యొక్క తీరున నుండవలెను, మరణమునందు హెచ్చుతగ్గులు లేవు అని ఆ సంఘమువారు నియమము పెట్టిరి. వారు నాటిన రాళ్లమీద అడుగున బంధువులు కోరిన కొలది మాటలు చెక్కింపవచ్చును. అవియు 66 అక్షరములకు మించరాదు.

ఇంద్రలాల్ సమాధిమీది వంగవాక్యమును తలచినప్పుడెల్ల నాకొక యాశ్చర్యము. ఎస్తెవెల్‌లో దానిని చదువగలవాడెవడు? అక్కడి గనికూలీకి అవి గీతలు. అయినను ఇంటివారి నుడి ఆ రాతిమీద నిలిచినది. లండనులో పెరిగి, ఇంగ్లీషుబడిలో చదివి, ఇంగ్లీషుసేనలో మడిసిన బిడ్డకు కడపట నిలిచినది అమ్మ మాటాడిన భాష. చదువగలవాడు రాకపోయినను, పేరు పెట్టి పిలిచినట్లు అది యక్కడ నున్నది. తాకకుడను మాటయు నాకు మన తీరుగా తోచును. సమాధి యను వాడుక మన యిండ్లలో సన్న్యాసులకే గాని గృహస్థులకు లేదు. మనము దహించి, అస్థికలను నీట గలుపువారము. గంగ యందని బిడ్డకు ఇంటివారు మాటతోనైనను శుచియైన చోటు కల్పించిరని నా యూహ.

ఇంతవఱకు రాయి దొరికినవాని కథ. రాయి దొరకని వారి సంగతి చెప్పక ముగించినచో నేను సగమే చెప్పినవాడనగుదును.

మరణమునందు హెచ్చుతగ్గులు లేవను నియమము అన్ని చోట్లను నడువలేదు. ఎస్తెవెల్‌కు ఎంతో దూరము లేని నవ్ షాపెల్ అను చోట 1927లో భారతసైనికులకు గొప్ప స్మారకము గట్టిరి. అందు 4,700 మందికి పైగా సిపాయిల పేర్లు చెక్కబడియున్నవి. అది ఫ్రాన్సు, నలుగురు వచ్చి చూచు చోటు. మెసొపొటేమియాలో, అనగా నేటి ఇరాకు దేశమున, బస్రా స్మారకము గట్టినప్పుడు తెల్లవారి పేర్లు చెక్కిరి, భారతీయ అధికారుల పేర్లు చెక్కిరి. సామాన్య భారతసైనికులను మాత్రము ఫలానా పటాలమున ఇంతమంది యని అంకెగా వ్రాసిరి. అట్లు అంకెలలో కలిసినవారు 30,000 మందికి మించియుందురు. 2021 ఏప్రిలులో ఆ సమాధుల సంఘమే విచారణ జరిపించి తప్పు ఒప్పుకొనినది. ఆసియా ఆఫ్రికా ఖండములవారిలో 45,000 మొదలు 54,000 వఱకు మృతులు తక్కినవారితో సమానముగా గౌరవింపబడలేదనియు, కనీసము 1,16,000 మంది, ఒకవేళ 3,50,000 మందివఱకు, పేరుతో స్మరింపబడకయో, అసలే స్మరింపబడకయో యుండిపోయిరనియు ఆ నివేదికలో నున్నది. నూఱేండ్లకు పైబడినపిమ్మట నైనను ఆ మాట వారి నోటనే వచ్చుట మంచిదే. ఆ మాటను వినవలసినవారు మాత్రము అప్పటికి బ్రతికిలేరు.

వినవలసియుండిన వారిలో నొకతెను నేనెఱుగుదును. మా తండ్రిగారు పౌరోహిత్యము చేసెడివారు. నాకు ఏడెనిమిదేండ్ల వయస్సున, ప్రతి సంవత్సరమును మహాలయామావాస్యనాడు మా వీధి చివరనుండి యొక ముదుసలి వచ్చెడిది. చేటలో బియ్యము, కందిపప్పు, గుమ్మడిముక్క, నాలుగు అరటికాయలు, కొంచెము బెల్లము. ఆ స్వయంపాకము మా యరుగుమీద నుంచి, దూరముగా నిలుచుండి చేతులు జోడించెడిది. ఆమె యన్న మొదటి యుద్ధములో కూలిదండుతో ఓడయెక్కి ‘బసరా’కు పోయెనట. పోయినవాడు రాలేదు. కాగితమొకటి వచ్చెనట, దానిని చదివి చెప్పినవారు చనిపోయెనని మాత్రము చెప్పిరట. ఎక్కడ, ఎప్పుడు, ఎట్లు అను మూడింటిలో నొకటియు ఆమెకు దెలియదు. తిథి తెలియనివారికి మహాలయామావాస్య గలదు గదా. అందుచే ఆనాడు వచ్చెడిది.

ఒక సంవత్సరము ఆమె మా తండ్రిగారితో అనిన మాట నాకు జ్ఞాపకమున్నది. ‘ఎక్కడ పడ్డాడో తెలీదు, ఏనాడు పోయాడో తెలీదు, అయ్యగారూ. పేరు మాత్రం నాకు తెలుసు. పేరు గట్టిగా చదవండి, నేను విని పోతాను’ అనెను. మా తండ్రిగారు సంకల్పమున ఆ పేరు మూడుసార్లు చదివిరి. ఆమె విని, కొంగుతో కన్నులు తుడుచుకొని పోయెను. ఆమె పోయి యిప్పటికి ఏబదియేండ్లు దాటినది.

వ్యాసభారతము స్త్రీపర్వమున, యుద్ధము ముగిసిన పిదప, దిక్కులేని వారి శవముల సంగతి యేమని ధృతరాష్ట్రుడడుగును. ధర్మరాజు విదురుడు, సంజయుడు మొదలైనవారిని నియమించి, నానాదేశములనుండి వచ్చి పడిన అనాథులకును సంస్కారములు జరిపించును. ఎవరి పక్షమని విచారింపలేదు. గెలిచినవాని మొదటి రాచకార్యము అది. ఆ ఘట్టమును బడిలో చెప్పినప్పుడెల్ల నా గొంతు పట్టివేసెడిది. పిల్లలకు కారణము దెలియదు.

ఇంద్రలాలును స్వదేశము మఱవలేదు. 1932 అక్టోబరులో భారతవిమానదళము పుట్టెను. అందలి తొలి వాహకులలో నొకడు, అతనికి మేనల్లుని వరుసగా చెప్పబడు సుబ్రతో ముఖర్జీ, 1954 ఏప్రిలు 1వ తేదీన ఆ దళమునకు అధిపతియైన తొలి భారతీయుడాయెను. 1998లో శతజయంతి సందర్భమున మన ప్రభుత్వము ఇంద్రలాల్ బొమ్మతో తపాలాబిళ్ల వేసెను. కలకత్తాలో భవానీపురమున నొక వీధికి అతని పేరున్నది.

పనిలేని రిటైరుపంతులు చేయు పనులు కొన్ని యుండును. నేనును 1918 జూలై 22వ తేదీకి పంచాంగగణితము వేసి చూచితిని. అది కాళయుక్తి నామ సంవత్సర ఆషాఢ శుద్ధ చతుర్దశి. మఱునాడు వ్యాసపూర్ణిమ. ఫ్రాన్సులో మడిసిన వంగబాలునకు తిథి దొరికినది, రాయి దొరికినది, తల్లిభాషలో వ్రాత దొరికినది. మా వీధి ముదుసలి యన్నకు ఏ గణితమువేసినను తిథి దొరకదు. బస్రా రాళ్లమీద వెదకినను పేరు దొరకదు. ఆ స్మారకమును సైతము 1997లో మొదటి చోటినుండి పెల్లగించి ఎడారిబాటలో నిలిపిరట.

మహాలయామావాస్యనాడు, మా పితరులకు తిలోదకములు వదలిన పిదప, బంధువులు లేనివారికి వదలు కారుణ్యతర్పణమున నేను రెండు పేర్లు చెప్పుకొందును. ఒకటి ఇంద్రలాల్‌ది. రెండవది ఆ ముదుసలి మా యరుగుదగ్గఱ నిలుచుండి విని పోయిన పేరు. దానిని మాత్రము గట్టిగా చదువుదును.